క్రిస్మస్ గిఫ్టుగా చెక్క అక్షరాల దిమ్మెలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నవంబరు సగం దాటగానే ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. ఏ చెక్క తీసుకోవాలి, అక్షరం ఎలా ఎక్కించాలి, వత్తు పట్టట్లేదు ఏం చేయాలి అని. అందుకే తెలిసినదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. అన్నీ చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి. కానీ కొలతల గురించి, తడి చెక్క గురించి రాసినవి మాత్రం వదిలేయొద్దు, చెక్క పాడయ్యేది ఎక్కువగా ఆ రెండు చోట్లే.

అసలు ఇవి ఏమిటి?

చిన్న చిన్న చెక్క దిమ్మెలు. ఒక్కో దిమ్మె మీద ఒక్కో అక్షరం. వరసగా టీవీ బల్ల మీదో, కిటికీ గట్టు మీదో పెడితే ఒక మాట అవుతుంది. ఇంగ్లీషులో "జాయ్", "నోయెల్" అని రాసినవి పెద్ద షాపుల్లో క్రిస్మస్ సీజన్‌లో దొరుకుతాయి, కాస్త ధర ఎక్కువే. ఇంట్లో చేసుకుంటే అందులో చాలా తక్కువతో అయిపోతుంది, పైగా తెలుగులో చేసుకోవచ్చు. తెలుగులో రాసినవి దుకాణంలో దొరకడం అరుదు, అందుకే అందుకున్నవాళ్ళు దాన్ని పెట్టెలో దాచేయకుండా హాల్లో అందరికీ కనిపించేలా పెట్టుకుంటారు.

తెలుగులో చేస్తే కష్టం కాదా? ఇంగ్లీషు అయితే అన్నీ ఒకే సైజు కదా?

కొంచెం కష్టమే, అయినా చేయండి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలన్నీ ఒకే ఎత్తులో నిలబడతాయి కాబట్టి చదరపు దిమ్మె సరిపోతుంది. మనకి అలా కాదు. "క్రి" తీసుకోండి: పైన గుడి, కింద ర వత్తు, ఆ వత్తు ఎడమ పక్కకి వంపు తిరుగుతుంది కూడా. "స్మ"లో కింద మ వత్తు వేలాడుతుంది. "నం" అయితే పక్కన సున్నతో వెడల్పు పెరిగిపోతుంది. చదరపు దిమ్మె మీద ఇవన్నీ ఇరికించాలని చూస్తే ఒక అక్షరం పెద్దగా, పక్కది చిన్నగా వచ్చి మాట మొత్తం పాడవుతుంది. దీనికి పరిష్కారం ఒక్కటే, దిమ్మెని వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉండేలా కోయించుకోవడం. మూడు అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల ఎత్తు అయితే తెలుగుకి చక్కగా కుదురుతుంది.

ఏ మాటకి ఎన్ని దిమ్మెలు కావాలి? మాటని ఎలా విడగొట్టాలి?

నోటితో పలికినప్పుడు ఎలా విరుగుతుందో అలాగే. వత్తూ గుణింతం గుర్తూ సున్నా, అన్నీ వాటి అక్షరంతోనే ఉండాలి, సున్నని విడిగా ఇంకో దిమ్మె మీద పెట్టొద్దు. చివర పొల్లు వస్తే మాత్రం దానికి సొంత దిమ్మె.

రెండు దిమ్మెల్లో అయిపోయేవి: ప్రేమ, శాంతి, యేసు, కృప, క్రీస్తు. మూడింటికి చాలా ఉన్నాయి: క్రిస్మస్, ఆనందం, సంతోషం, విశ్వాసం, దీవెన, మహిమ, హోసన్న, నక్షత్రం. నాలుగు కావాలంటే సమాధానం, నిరీక్షణ, హల్లెలూయ. ఇమ్మానుయేలుకి ఐదు. ఐదు దిమ్మెలంటే పదిహేను అంగుళాలు, మధ్యలో సందులతో కలిపి అడుగున్నర దాకా జాగా కావాలి. అవతలివాళ్ళింట్లో అంత బల్ల ఉందో లేదో ముందే చూసుకోండి.

నా సలహా అడిగితే మూడు దిమ్మెల సెట్టే చేయండి. ఎందుకో వచ్చే ప్రశ్నలో చెప్తాను.

పండగ అయిపోయాక వీటిని ఏం చేస్తారు? మళ్ళీ డిసెంబరు దాకా అటక మీదేనా?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. దిమ్మెకి నాలుగు వైపులు ఉన్నాయి, నాలుగూ వాడుకోవచ్చు. మూడు అక్షరాల మాటలు మన పండగల్లో ఎన్ని ఉన్నాయో చూడండి. మొదటి వైపు క్రి, స్మ, స్. దిమ్మెలన్నీ ఒక మలుపు తిప్పితే ఆ, నం, దం. ఇంకో మలుపు తిప్పితే సం, క్రాం, తి. నాలుగోవైపు ఉ, గా, ది. డిసెంబరు నుంచి ఉగాది దాకా అవే మూడు ముక్కలు బల్ల మీద ఉంటాయి, తిప్పుకోవడమే పని. సంవత్సరం పొడవునా ఉండాలంటే "ఆనందం" వైపు వదిలేయండి.

పూర్తిగా చర్చి వాతావరణం ఉన్న ఇంటికి ఇస్తుంటే క్రిస్మస్, విశ్వాసం, సంతోషం, దీవెన అనే నాలుగు వైపులు బాగుంటాయి. పాస్టరు గారింటికి, పాస్టరమ్మ గారి పుట్టినరోజుకి కూడా ఇదే ఇవ్వొచ్చు.

ఒక జాగ్రత్త ఉంది. అన్ని దిమ్మెల్నీ ఒకే వైపుకి తిప్పితేనే మాట వరసగా రావాలి. అంటే రాసేటప్పుడే మూడింటినీ పక్కపక్కన పెట్టి, మొదటి మాట రాశాక మూడింటినీ కలిపి కుడికి తిప్పి, అప్పుడు రెండో మాట రాయాలి. ఒక్కో దిమ్మెని విడిగా పట్టుకుని నాలుగు వైపులూ రాసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట వరస తారుమారవుతుంది. అడుగున పెన్సిల్‌తో 1, 2, 3 అని వేసుకోండి.

కొలతలు సరిగ్గా చెప్పండి.

మూడంగుళాలు మూడంగుళాల మందం ఉన్న కర్ర తీసుకుని దాన్ని నాలుగు అంగుళాలకి ఒక ముక్క చొప్పున కోయాలి. అడుగు కర్రలో లెక్క ప్రకారం మూడు రావాలి, కానీ రంపం కోతకి కొంత పోతుంది కాబట్టి మూడోది పొట్టిగా వస్తుంది. మూడు దిమ్మెలకి పదమూడు అంగుళాలు, నాలుగింటికి అడుగున్నర అనుకుంటే మిగులు కూడా ఉంటుంది. ఒక ఘనపుటడుగు కలపలో ఇలాంటి దిమ్మెలు లెక్కకి 48, కోత పోగా నలభై పైచిలుకు. అంటే ఒక సండే స్కూల్ తరగతికి సరిపడా.

అక్షరం ఎక్కడ కూర్చోవాలో ముందే గీత గీయండి. నాలుగు అంగుళాల ఎత్తులో కింద అంగుళంపావు వత్తుకి వదలండి, మధ్యలో అంగుళంన్నర అసలు అక్షరానికి, పైన మిగిలిన అంగుళంపావు గుడికీ ఏత్వానికీ. వత్తు లేని అక్షరమైనా సరే అదే గీత మీద కూర్చోవాలి, కిందికి జారకూడదు. "ఆనందం"లో కింద వత్తులేమీ లేవు కదా అని కిందికి దింపితే, పక్కకి తిప్పినప్పుడు క్రిస్మస్‌కీ దానికీ పొంతన ఉండదు. గీత మాత్రం చాలా సన్నగా, చెరిగిపోయేలా గీయండి.

మూడు బై మూడు కర్ర దొరక్కపోతే?

అంగుళంన్నర మందం ఉన్న పలక ముక్కైనా చాలు, దిమ్మె నిలబడుతుంది. కాకపోతే ముందూ వెనకా రెండు వైపులే వాడుకోగలరు. క్రిస్మస్ ఒకవైపు, ఆనందం ఇంకోవైపు. అంగుళం కన్నా సన్నగా ఉంటే ఫ్యాను గాలికే పడిపోతుంది, వద్దు.

చెక్క ఎక్కడ తక్కువకి దొరుకుతుంది?

టింబర్ డిపోకి వెళ్ళి కొత్త కలప కొనే పని పెట్టుకోకండి. ఊళ్ళో ఇల్లు కడుతున్నచోట ద్వారబంధాలు, కిటికీ ఫ్రేములు చేసే వడ్రంగి దగ్గరికి వెళ్ళండి. ద్వారబంధానికి వాడే కర్ర నాలుగు బై మూడు, ఐదు బై మూడు సైజుల్లో ఉంటుంది, చివర్లు కోసేసిన తునకలు అడుగు, అడుగున్నర పొడవున మూలన పడి ఉంటాయి. అవి చివరికి వంట చెరకే. "అన్నా, క్రిస్మస్‌కి పిల్లలకి బొమ్మలు చేస్తున్నాం, తునకలుంటే ఇస్తారా" అని అడిగితే చాలామంది ఊరికే ఇస్తారు, లేదంటే యాభయ్యో వందో తీసుకుంటారు. సామిల్‌లో కూడా అడగొచ్చు, కానీ అక్కడ దొరికేవి ఎక్కువగా బెరడు ఉన్న పై చెక్కలు, అవి ఈ పనికి రావు.

పాత ఇళ్ళు పడగొట్టిన సామాను అమ్మే దుకాణాలు ఇంకో మంచి చోటు. పాత దూలాలు, గుమ్మాలు ఏళ్ళ తరబడి ఎండి ఉంటాయి, ఇక కుంచించుకుపోవడం అనేది ఉండదు. మేకులు మాత్రం ఒక్కటి కూడా లేకుండా పీకించాకే రంపం కింద పెట్టాలి. పాత రంగు ఉంటే దాన్ని గరుకు కాగితంతో రుద్దొద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి పీలిస్తే ప్రమాదం. రంగు ఉన్న పొరని వడ్రంగితో కోయించి పారేయండి.

ఏ కర్ర మంచిది? టేకు కావాలా?

టేకు కొనక్కర్లేదు. తునకల్లో టేకు దొరికితే అదృష్టం, దానికి రంగు వేయకుండా ఆ రంగులోనే ఉంచి అక్షరం ఒక్కటే తెల్లగానో బంగారు రంగులోనో రాయండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి రంగు వేసే ముందు గుడ్డకి కాస్త థిన్నర్ తడిపి తుడిస్తే రంగు పట్టుకుంటుంది.

వేప బాగుంటుంది, ఎక్కడైనా దొరుకుతుంది, పురుగు భయం తక్కువ. ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క తేలిక, రుద్దడం సులువు, కొత్తగా చేసేవాళ్ళకి నేను ఇదే చెప్తాను. రబ్బరు చెక్క కూడా పరవాలేదు. మామిడి చవకే గానీ పురుగు త్వరగా పడుతుంది. తునక మీద గుండుసూది అంత రంధ్రాలు కనిపించి, తడితే సన్నని పిండి రాలితే అది ఎంత మంచి ముక్కైనా ఇంట్లోకి తేవద్దు. తుమ్మ గట్టిది, బరువు, చేత్తో రుద్దాలంటే చేతులు పడిపోతాయి.

కొండపల్లి బొమ్మల కర్ర దొరుకుతుందా అని కొందరు అడుగుతుంటారు. అది తెల్ల పొణికి, చాలా తేలికైన మెత్తటి కర్ర, నిర్మల్ బొమ్మలకి కూడా వాడేది అదే. ఆ కర్ర దొరక్క అక్కడి కళాకారులే ఇబ్బంది పడుతున్నారు, కాబట్టి మన దిమ్మెల కోసం దాన్ని వెతకొద్దు. దానికి బదులు కొండపల్లిదో, అంకుడు కర్రతో లక్క రంగులేసిన ఏటికొప్పాకదో ఒక చిన్న బొమ్మ కొని మీ సెట్టు పక్కన పెట్టి ఇవ్వండి. గిఫ్టు నిండుగా ఉంటుంది, వాళ్ళకీ నాలుగు డబ్బులొస్తాయి.

ప్యాలెట్ (సరుకు పేర్చి పంపే చెక్క పీట) చెక్క వాడొచ్చా?

వాడొచ్చు, ముందు దాని మీద ముద్ర చూడండి. విదేశీ సరుకుతో వచ్చే ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక అంతర్జాతీయ ముద్ర ఉంటుంది. అందులో హెచ్.టి. అని ఉంటే చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని అర్థం, అది మంచిదే. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, దాన్ని ఇంట్లో వస్తువులకి వాడకండి. నూనె మరకలు, రసాయనాల వాసన ఉన్నవి కూడా వద్దు, ముద్ర ఏదైనా సరే.

తెచ్చిన చెక్క పచ్చిగా ఉందేమో ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడగనివాళ్ళే ఎక్కువ. ముక్కని చెంపకి ఆనించండి, చల్లగా చెమ్మగా తగిలితే ఇంకా ఎండలేదు. ఒకే సైజు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుంటే పచ్చిది బరువు తేడాలో దొరికిపోతుంది. ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే వంటింటి త్రాసు మీద తూచి రాసుకుని, నాలుగైదు రోజులు గాలి తగిలే చోట ఉంచి మళ్ళీ తూచండి, బరువు తగ్గుతూ ఉంటే ఇంకా నీళ్ళు పోతున్నట్టే. మందపాటి చెక్క తనంతట తాను ఎండాలంటే అంగుళానికి సుమారు ఏడాది అని వడ్రంగులు చెప్పే లెక్క, కాబట్టి పచ్చి కర్రని నవంబరులో తెచ్చి డిసెంబరుకి ఎండబెడదామంటే కుదరదు. ఎండలో పెట్టేస్తే త్వరగా అవుతుందని పెడతారు, అప్పుడు చివర్ల నుంచి నెర్రెలిస్తుంది. చక్కగా రాసిన అక్షరం మధ్యలో పగులు వస్తే చూడలేం. పచ్చిదైతే వెనక్కి ఇచ్చేసి వేరేది తెచ్చుకోండి.

కోస్తా వైపు ఇంకో ఇబ్బంది, నవంబరులో తుపాన్లు. ఎండిన చెక్క కూడా ఆ రోజుల్లో చెమ్మ పీలుస్తుంది. వానలు పడుతున్నప్పుడు రంగు పని ఆపేసి, ముక్కల్ని అటక మీదో ఫ్రిజ్ వెనకాలో పెట్టి ఉంచండి.

కోత మనమే కోయాలా?

నాకైతే కోత వడ్రంగికి వదిలేయడమే మంచిదనిపిస్తుంది. అతని దగ్గర బల్ల రంపం ఉంటుంది, అరగంటలో అయిపోతుంది, అంచులు తొంభై డిగ్రీలకి వస్తాయి. పొడవు కర్రగానే ఇవ్వండి. ముందే చిన్న ముక్కలు చేసి తీసుకెళ్తే వేళ్ళు బ్లేడుకి దగ్గరగా వస్తాయి కాబట్టి కోయనంటారు, అది న్యాయమే. కోసే ముందు కర్రని నాలుగు వైపులా చిత్రిక పట్టించండి, ఆ ఒక్క పనితో మీకు రుద్దే బాధ సగం తగ్గిపోతుంది.

ఇంట్లో చేతి రంపంతోనే కోస్తానంటే మూలమట్టం పెట్టి నాలుగు వైపులా గీత గీసి, ఒక్కో వైపు నుంచి కొంచెం కొంచెం కోసుకుంటూ రావాలి. ఒకే వైపు నుంచి దిగితే కోత వంకర పోతుంది, దిమ్మె నిలబెడితే వాలుతుంది.

ఎంత నున్నగా రుద్దాలి?

80 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి, 120, ఆ తర్వాత 220. మధ్యలోది మానేయొద్దు, 80 పెట్టిన గీతల్ని 220 తీయలేదు. కాగితాన్ని చేత్తో పట్టుకుని దిమ్మె మీద రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. దానికి తిరగేసి చేయండి: కాగితాన్ని గచ్చు మీదో అద్దం ముక్క మీదో పరిచి, దాని మీద దిమ్మెని ముందుకీ వెనక్కీ లాగండి. చెక్కలో గీతలు ఏ దిశలో ఉన్నాయో ఆ దిశలోనే లాగాలి, అడ్డంగా లాగితే గీరలు పడి రంగు వేశాక బయటపడతాయి. చివరికి పదునుగా ఉన్న ఎనిమిది మూలల్నీ 220తో రెండేసి సార్లు తాకిస్తే చాలు, చేతికి గుచ్చుకోవు.

తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి. నూగు లేచి గరగరలాడుతుంది. అప్పుడు మళ్ళీ 220తో తేలిగ్గా రుద్దితే ఇక లేవదు. ఈ పని చేసేటప్పుడు మాస్కు పెట్టుకోండి, టేకు పొడి కొందరికి తుమ్ములు, దురద తెప్పిస్తుంది. ఎం.డి.ఎఫ్. పలక (చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసేది) అయితే మాస్కు తప్పనిసరి.

చెక్కలో మేకు రంధ్రాలు, సందులు ఉన్నాయి. లప్పం పెట్టాలా?

గోడ లప్పం పెట్టొద్దు, ఎండాక రాలిపోతుంది. రుద్దినప్పుడు వచ్చిన పొట్టునే దాచుకుని, దాంట్లో కొంచెం ఫెవికాల్ కలిపి ముద్ద చేసి నొక్కండి, ఒక రోజు ఆరాక రుద్దితే అదే చెక్క రంగులో కలిసిపోతుంది. కొండపల్లిలో చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి చేసే మక్కు ఇదే తరహా, బొమ్మ భాగాల్ని దాంతోనే అతికిస్తారు.

నా చేతిరాత బాగోదు. అక్షరం ఎలా ఎక్కించాలి?

చేతిరాతతో పనే లేదు. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో మాట టైపు చేసి కావలసిన సైజులో జెరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. ఒక్కో అక్షరాన్ని మూడు బై నాలుగు అంగుళాల ముక్కగా కత్తిరించి, దిమ్మె మీద గీతకి సరిపెట్టి, కింద కార్బన్ పేపర్ ఉంచి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో అంచుల వెంట గీస్తే అచ్చు పడుతుంది. ముదురు రంగు వేసిన చెక్క మీద కార్బన్ కనిపించదు, అప్పుడు ప్రింటు వెనకాల సుద్దముక్క రుద్ది గీయండి.

తర్వాత సన్నని బ్రష్‌తో ముందు అంచు, ఆ తర్వాత లోపల. వంపుల దగ్గర బ్రష్‌ని కదపడం కన్నా దిమ్మెని తిప్పుతూ పోవడం తేలిక, చెయ్యి ఒకేచోట ఉంటుంది. బ్రష్ భయమైతే రంగు మార్కర్లు వస్తున్నాయి, అవి కూడా చాలు.

స్టెన్సిల్ కోసుకుంటే త్వరగా అవుతుంది కదా?

ఎక్కువ సెట్లు చేస్తుంటే అవుతుంది. పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద కోసుకోవచ్చు. కానీ తెలుగులో సున్న ఉన్నచోటల్లా మధ్య ముక్క ఊడిపోతుంది. అక్కడక్కడ సన్నని వంతెన వదిలి కోసి, రంగు వేశాక ఆ ఖాళీని బ్రష్‌తో పూడ్చాలి.

ఏ ఫాంట్ బాగుంటుంది?

లావుగా ఉన్నవి. ఉచితంగా దొరికేవాటిలో రామభద్ర శీర్షికల కోసం చేసిన మందపాటి ఫాంట్, దూరం నుంచి కూడా చదవొచ్చు. బాలూ తమ్ముడు గుండ్రంగా ముద్దుగా ఉంటుంది, చిన్నపిల్లల పేర్లకి అదే పెట్టండి. సన్నగా మెలికలు తిరిగే ఫాంట్లు తెర మీద బాగుంటాయి గానీ చెక్క మీద నింపేటప్పుడు మెలికలు పూడిపోతాయి. ఏది తీసుకున్నా వత్తులున్న అక్షరాల్ని ముందు ప్రింటు తీసి చూసుకోండి.

రంగు ఏది వేయాలి?

నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు. చిన్న సీసాలు స్టేషనరీ దుకాణంలోనే ఉంటాయి, వాసన తక్కువ, గంటలో ఆరిపోతాయి. ఎనామిల్ మెరుపు బాగుంటుంది కానీ డిసెంబరు మంచుకి రాత్రంతా అతుక్కుంటూనే ఉంటుంది, దుమ్ము పట్టేస్తుంది.

ముందు ఒక పూత వుడ్ ప్రైమర్. దిమ్మె పైభాగం, అడుగు, అంటే కర్రని అడ్డంగా కోసిన చోట, రంగుని విపరీతంగా పీల్చేస్తుంది. అక్కడ నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఒక పూత రాసి ఆరాక రంగు వేస్తే నాలుగు వైపులతో సమానంగా కనిపిస్తుంది, లేకపోతే అక్కడ ముదురు మచ్చలా ఉండిపోతుంది. మంచు పడే వేళకి, అంటే సాయంత్రం ఐదింటి తర్వాత, బయట రంగు వేయకండి. ఎండ దిగకముందే లోపల పెట్టేయండి.

ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగులు ఎలాగూ వేస్తారు. నాలుగు వైపులున్న సెట్టుకి మాత్రం ఒక్కో వైపు ఒక్కో రంగు వేయండి: క్రిస్మస్‌కి ఎరుపు, సంక్రాంతికి పసుపు, ఉగాదికి వేపాకు పచ్చ. తిప్పేటప్పుడు ఏ వైపు ఏదో పిల్లలకి కూడా తెలుస్తుంది.

రంగు బదులు కాగితం, గుడ్డ అంటించొచ్చా?

బ్రహ్మాండంగా ఉంటుంది. పాత క్రిస్మస్ కార్డులు, గిఫ్ట్ రేపర్లు, పాత పట్టుచీర జరీ అంచు, ఏదైనా సరే. రెండు వంతుల ఫెవికాల్‌కి ఒక వంతు నీళ్ళు కలిపి చెక్కకి రాసి, కాగితం పరిచి, పాత ఏటీఎం కార్డు అంచుతో మధ్య నుంచి బయటికి తోస్తే బుడగలు పోతాయి. పూర్తిగా ఆరాక మిగిలిన అంచుల్ని కత్తెరతో కాకుండా గరుకు కాగితంతో కిందికి రుద్దండి, దిమ్మె అంచుకి కచ్చితంగా తెగుతుంది.

మీరే ప్రింటు తీసిన కాగితం అంటిస్తుంటే అది లేజర్ ప్రింటో జెరాక్సో అయి ఉండాలి. ఇంక్‌జెట్ ప్రింటు ఫెవికాల్ తడికి కారిపోతుంది. ఇంకొకటి, పైపూతగా ఫెవికాల్‌తోనే సరిపెట్టేయొద్దు. వైజాగ్, కాకినాడ లాంటి చోట్ల గాలిలో చెమ్మకి అది మళ్ళీ మెత్తబడి, పక్కపక్క దిమ్మెలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పైన నీళ్ళతో కలిపే వార్నిష్ రెండు పూతలు వేయండి.

దిమ్మె ఎందుకు, అక్షరాన్నే కోసి నిలబెడితే?

తెలుగుకి అది కష్టం. చాలా వత్తులు అసలు అక్షరానికి తగలకుండా విడిగా ఉంటాయి, కోస్తే ఊడిపోతాయి. పైగా మన అక్షరాల అడుగు గుండ్రం, నిలబడవు. లేజర్ కటింగ్ చేసే షాపులో చేయించి ఒక పలక మీద అంటించుకోవచ్చు, కానీ ఖర్చు పెరుగుతుంది.

మొత్తం ఎంతవుతుంది?

ఒక్క సెట్టే చేస్తే రంగు సీసాలు, బ్రష్, కాగితాలు అన్నీ ఆ ఒక్కదాని మీదే పడతాయి కాబట్టి చవక అనిపించదు. పది సెట్లు కలిపి చేయండి. తునకలు ఊరికే దొరికితే మూడు దిమ్మెల సెట్టు వంద రూపాయల లోపే అయిపోతుంది. డబ్బు మిగల్చాలనుకుంటే రంగుల సంఖ్య తగ్గించండి, వార్నిష్ మాత్రం మానొద్దు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

25వ తేదీని చూసుకుని లెక్క వేసుకుంటే ఆలస్యమైపోతుంది. మన చర్చిల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్‌లు డిసెంబరు మొదటి వారం నుంచే మొదలవుతాయి, గిఫ్టులు ఇచ్చిపుచ్చుకునేది చాలావరకు అక్కడే. ఆ తర్వాత రాత్రిళ్ళు క్యారల్స్ రౌండ్లు, నాటిక రిహార్సల్స్, చర్చి అలంకరణ, పిండివంటలు, ఇంకెక్కడ తీరిక ఉంటుంది. నవంబరు మొదట్లోనే చెక్క తెచ్చి కోయించి పెట్టుకుంటే, రుద్దడం, రంగు రెండు ఆదివారాల మధ్యాహ్నాల్లో అయిపోతాయి.

సండే స్కూల్ పిల్లలతో చేయించొచ్చా?

తప్పకుండా చేయించండి, వాళ్ళకి చాలా ఇష్టం. కోత పెద్దవాళ్ళది, రుద్దడం పిల్లలది. అక్షరం అంచులు కొంచెం పెద్ద పిల్లలు గీస్తే, లోపల రంగు చిన్నవాళ్ళు నింపుతారు. ఎవరి పేరులోని మొదటి అక్షరం వాళ్ళకిస్తే పోట్లాట ఉండదు. రూతు, ఎస్తేరు, సమూయేలు అని పూర్తి పేర్లు కావాలని అడుగుతారు, చెక్క ఉంటే ఇవ్వండి.

చిన్నపిల్లలున్న ఇంటికి ఇవ్వొచ్చా? నోట్లో పెట్టుకుంటే?

మూడంగుళాల దిమ్మె గొంతులో ఇరుక్కునే సైజు కాదు. రెండంగుళాల కన్నా చిన్నవి చేయకండి, వాటికి పూసలు, గంటలు, బటన్లు అంటించకండి, ఊడివచ్చేది అవే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది, కాబట్టి ఇంట్లో ఎప్పటివో మిగిలిపోయిన పాత డబ్బాలు వాడకుండా డబ్బా మీద సీసం లేదని రాసి ఉన్న కొత్తది కొనండి. అయినా ఇవి అలంకరణకే, ఆటకి కాదని ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పండి.

మరి చేసి అమ్ముకోవచ్చా?

అలంకరణ వస్తువుగా అమ్ముకోవచ్చు. పిల్లల బొమ్మలు అని పేరు పెడితే సంగతి వేరు, 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి మినహాయింపు ఉంది.

క్రైస్తవులు కాని స్నేహితులకి ఇస్తే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు. క్రిస్మస్‌కి మనం కేకు పంపితే సంక్రాంతికి వాళ్ళింటి నుంచి అరిసెలు వస్తాయి కదా, అలాంటి ఇంటికే నాలుగు వైపుల సెట్టు బాగా నప్పేది. డిసెంబరులో ఇచ్చిన గిఫ్టు జనవరిలో వాళ్ళ పండగకి కూడా బల్ల మీదే ఉంటుంది.

అమెరికాలో ఉన్నాం, ఇక్కడ ఏం కొనాలి?

మీకు ఇంకా సులువు. హోమ్ డిపో, లోస్ లాంటి చోట టూ బై ఫోర్ అని అడిగితే ఎండబెట్టిన చెక్క దొరుకుతుంది. పేరుకి రెండు బై నాలుగు అయినా నిజంగా ఉండేది ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు. వెడల్పు మూడున్నర వస్తుంది కాబట్టి ఎత్తు నాలుగున్నర అంగుళాలకి కోస్తే తెలుగు వత్తులు చక్కగా పడతాయి. నాలుగు వైపులా కావాలంటే ఫోర్ బై ఫోర్ తీసుకోండి, అది నిజానికి మూడున్నర బై మూడున్నర. అందులో బయట పాతడానికి మందు పట్టించిన రకం కూడా ఉంటుంది, కాస్త పచ్చగా కనిపిస్తుంది. అది వద్దు.

వేరే ఊరికి పంపాలంటే?

బరువు చూసుకోండి. మూడు బై మూడు బై నాలుగు దిమ్మె వేపదైతే నాలుగు వందల గ్రాముల దాకా తూగుతుంది, సెట్టు కేజీ దాటిపోతుంది. పైన్ అయితే కాస్త తక్కువ. దూరం పంపేవాటికి అంగుళంన్నర మందం పలకలతో చేస్తే బరువు సగం అవుతుంది. ఒక్కో దిమ్మెకి ముందు పల్చని కాగితం, దాని మీద న్యూస్‌పేపర్ చుట్టండి. న్యూస్‌పేపర్‌ని నేరుగా చుడితే తెల్ల రంగు మీద సిరా అంటుకుంటుంది. రంగు వేసిన మర్నాడే ప్యాక్ చేయొద్దు, పైకి ఆరినట్టున్నా లోపల పచ్చిగా ఉండి కాగితం అతుక్కుపోతుంది, కనీసం మూడు నాలుగు రోజులు ఆగండి.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో ఉన్న పిల్లలకి పంపుతుంటే చెక్క వస్తువు అని ఫారంలో స్పష్టంగా రాయాలి, అక్కడ చెక్క మీద తనిఖీ గట్టిగా ఉంటుంది. బెరడు ముక్క గానీ పురుగు రంధ్రం గానీ ఉన్న దిమ్మెని ఆ దేశాలకి పంపే పార్శిల్‌లో పెట్టొద్దు. సామానులో పట్టుకెళ్ళేవాళ్ళు కూడా డిక్లేర్ చేయాలి.

దుమ్ము పడితే ఎలా తుడవాలి?

పొడి గుడ్డతో. వార్నిష్ వేసినవైతే కొంచెం తడి గుడ్డ కూడా పరవాలేదు, వెంటనే ఆరబెట్టండి. కిటికీ గట్టు మీద పెట్టేవాళ్ళు ఎండ నేరుగా పడకుండా చూసుకోండి, ఎరుపు ముందుగా వెలిసిపోతుంది.